తల్లి చాంచల్యము బిడ్డకు వచ్చునా?



గత మాసమున మాకు వచ్చిన జాబులలో ఒకటి మా బల్లమీదనే నిలిచిపోయినది. తక్కినవానికి ఆ వారముననే ప్రత్యుత్తరములు వ్రాసి పంపితిమి. ఆవకాయకు బూజు ఏల పట్టినదని యడిగిన సోదరికి నాలుగు పంక్తులు చాలినవి. ఈ జాబునకు నాలుగు పంక్తులు చాలవు. కావున ఆ సోదరి యనుమతితో, ఆమె పేరును ఊరును విడిచి, విషయమును మాత్రము ఈ పుటలలో మీ యెదుట నుంచుచున్నాము.

ఆమె కుమారునకు ఏడేండ్లు. రెండవ తరగతి చదువుచున్నాడు. కూర్చున్నచోట కూర్చుండడు. ఒక్క నెలలో మూడు నీళ్లసీసాలు బడిలో పోగొట్టినాడు. పంతులమ్మగారు ప్రశ్న ముగింపకమున్నే జవాబు చెప్పును. చెప్పిన జవాబు సరియే యగును. కాని అదే లెక్కను పుస్తకములో చేయుమన్నచో సగము చేసి, కిటికీలోనుండి పిచ్చుకను జూచుచుండును. బడివారు చెప్పగా పట్టణమునకు గొనిపోయి వైద్యునకు జూపిరి. వైద్యుడు విచారించి, దీనిని ఏడీహెచ్‌డీ యందురని చెప్పెను.

సోదరి వ్రాసిన ముఖ్యమైన మాట ఇది: "వైద్యుడు ఒక్కొక్క లక్షణమును చదివి యిది యున్నదా, యిది యున్నదా యని అడుగుచుండగా, అక్కగారూ, ఆయన అబ్బాయిని గూర్చి యడుగుచున్నాడో నన్ను గూర్చి యడుగుచున్నాడో నాకు తెలియలేదు." పొయ్యిమీది పాలు పొంగనిది ఆమె యింట వారమైనను గడవదట. చుట్టముల యింటి పెండ్లికి, పెండ్లియైన మరునాడు పట్టుచీర కట్టుకొని బయలుదేరినదట. డిగ్రీ పరీక్షలో చదివిన ప్రశ్నయే వచ్చినను, సగము వ్రాసి మరియొకదానికి పోయినదట. ఈ సంగతి ఇంట చెప్పగా అత్తగారు, "మా వంశములో ఇట్టివారు ఎవ్వరును లేరు. ఇది నీవు తెచ్చినది" అనిరట. ఇప్పుడామెకు మూడవ నెల. "పుట్టబోవు బిడ్డకును ఇది వచ్చునా? వచ్చునేమో యని తెలిసియు కనుట పాపమా?" అని జాబు ముగించినది.

చెల్లెలా, నీ ప్రశ్న మాకు క్రొత్త కాదు. మూడేండ్ల క్రిందట మా రెండవ కుమార్తెను వైద్యునకు జూపినప్పుడు ఇదే ప్రశ్న మమ్మును రాత్రులు నిద్రపోనీయలేదు. ఆ పిల్ల పరుగులిడునది కాదు. ఊరక కూర్చుండి, పిలిచినను పలుకక, చెప్పినపని నడుమనే మరచి నిలిచిపోవునది. వైద్యురాలు మమ్మును గూడ కొన్ని ప్రశ్నలడిగి, మరియొక దినమున విడిగా రమ్మనిరి. ముప్పది యేండ్లు దాటిన పిమ్మట మాకును ఆ పేరే పెట్టిరి. కావున ఈ మాసమున మేము వ్రాయునది ఇతరుల ఇంటిని గూర్చి కాదు.

మొదట ఈ ఏడీహెచ్‌డీ యనగా నేమో చెప్పుకొందము. దాని పూర్తి పేరు అటెన్షన్ డెఫిసిట్ హైపరాక్టివిటీ డిజార్డర్. తెలుగున అవధానలోపము, అతిచాంచల్యము అనవచ్చును. అవధానమను మాట మనవారికి క్రొత్తది కాదుగదా! అష్టావధానసభలో ఎనమండుగురు పృచ్ఛకులు చుట్టును కూర్చుండి, ఒకరు సమస్య నిచ్చి, ఒకరు నిషిద్ధాక్షరి చెప్పి, అవధానిగారి మనస్సును నానావిధముల లాగుదురు. వారిలో అప్రస్తుత ప్రసంగము చేయువాడు ఒకడుండును. పద్యము నడచుచుండగా సంబంధములేని మాటలాడి అవధానిని చెదరగొట్టుటయే అతని పని. సభ ముగియగానే అతడు ఇంటికి పోవును. ఈ స్థితి గలవారి మనస్సున మాత్రము ఆ పృచ్ఛకుడు ఎన్నడును లేచిపోడు. ప్రొద్దున లేచినది మొదలు రాత్రి పండుకొనువరకు చెవిలో ఏదో యొకటి అడుగుచునే యుండును. తెలివి తక్కువ యగుటచేత కాని, మనస్సు పెట్టకపోవుటచేత కాని కలుగునది కాదు ఇది.

ఇది నిన్న మొన్న పుట్టినదియు కాదు. 1902వ సంవత్సరమున లండనులో జార్జి స్టిల్ అను పిల్లల వైద్యుడు ఇట్టి పిల్లలను గూర్చి వైద్యసభలో ఉపన్యసించెను. పేర్లు పలుమారులు మారినవి. 1987లో ఇప్పటి పేరు స్థిరపడినది. లోకమునందు పిల్లలలో నూటికి సుమారు ఐదుగురికిని, పెద్దలలో నూటికి సుమారు ఇద్దరు ముగ్గురికిని ఇది కలదని పెక్కు దేశముల పరిశీలనలను కూర్చి చూచినవారు చెప్పిరి. అనగా నలువదిమంది పిల్లలున్న తరగతిలో ఇద్దరు కూర్చుండి యుందురన్నమాట.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఇది తల్లిదండ్రులనుండి బిడ్డలకు వచ్చునా? వచ్చును. దీనిని దాచుట మా యుద్దేశము కాదు. తీపిమాటలు చెప్పి పంపిన పిమ్మట నిజము తెలిసికొన్నవారికి దుఃఖము రెండింతలగును. ఐతే ఎట్లు వచ్చును, ఎంత వచ్చును, ఏమి రాదు అను మూడు సంగతులను వేరువేరుగా తెలిసికొనవలెను.

ఎట్లు తెలిసినదనగా, కవలపిల్లల వలన. కవలలు రెండు విధములు. ఒకే అండము రెండుగా చీలగా పుట్టినవారి జన్యువులు దాదాపు ఒక్కటే. రెండు అండముల వలన పుట్టినవారికి తోబుట్టువులకువలెనే జన్యువులలో సుమారు సగము పోలిక. ఇరుదెగల కవలలును ఒకే ఇంట, ఒకే తల్లి చేతి అన్నము తిని పెరుగుదురు. ఒకరికి ఏడీహెచ్‌డీ యున్నప్పుడు రెండవవారికిని ఉండుట మొదటి విధమువారిలో చాల యెక్కువ. ఇట్టి పరిశీలనలను 37 తీసికొని 2019లో లెక్కగట్టగా, దీని ఆనువంశికత నూటికి 74 పాళ్లని తేలినది.

ఈ 74ను జూచి బెదరవలదు. నూరుగురు బిడ్డలలో 74 మందికి వచ్చునని దీని యర్థము కాదు. ఒక తరగతిలోని పిల్లలలో కొందరు పొడుగు, కొందరు పొట్టి. ఆ హెచ్చుతగ్గులలో ఎంత పాలు పుట్టుకవలన, ఎంత పాలు తిండితిప్పలవలన అని విభజించు లెక్క ఇది. జనులందరిలో కానవచ్చు తేడాలను గూర్చి చెప్పునే కాని, నీ కడుపులోని యొక్క బిడ్డను గూర్చి చెప్పదు.

మరి ఒక్కొక్క ఇంటి మాట ఏమి? తల్లిదండ్రులలో గాని తోబుట్టువులలో గాని ఒకరికి ఉన్నచో, తక్కినవారికి ఇతరులకంటె ఐదు మొదలు తొమ్మిది రెట్లు ఎక్కువగా కానవచ్చుచున్నది. 1995లో అమెరికాలో చేసిన యొక చిన్న పరిశీలనలో, బాల్యమునుండి ఇది గల పెద్దల పిల్లలలో నూటికి 57 మందికి ఉండెను. అది వైద్యునికడకు వచ్చిన కొలది కుటుంబముల లెక్క. లోకమంతటికిని అదే కొలత యనరాదు. ఐనను చెల్లెలా, నీకు మేము చెప్పగలది ఇది: పుట్టబోవు బిడ్డకు ఇది వచ్చు నవకాశము తక్కువ కాదు, రాకపోవు నవకాశమును తక్కువ కాదు. ఇంతకుమించి ఏ వైద్యుడును, ఏ జ్యోతిష్కుడును చెప్పజాలడు. కడుపులో నుండగా దీనిని కనిపెట్టు పరీక్ష లేదు. పుట్టిన పిమ్మట రక్తము తీసి చూచి చెప్పు పరీక్షయు లేదు.

ఏల లేదనగా, దీనికి కారణమైన జన్యువు ఒక్కటి కాదు. 2023లో వెలువడిన గొప్ప పరిశోధన యొకటి 38,691 మంది ఏడీహెచ్‌డీ గలవారి జన్యువులను, లేనివారు 1,86,843 మంది జన్యువులతో పోల్చిచూచి, 27 తావులలో భేదమును కనుగొన్నది. ఆ తావులలో ఒక్కొక్కదాని బలము అత్యల్పము. ఇంకను లెక్కకురాని చిన్నచిన్న భేదములు వేలకొలది కలవు. అవి అందరిలోను కొన్ని కొన్ని యుండును. కొందరిలో ఎక్కువగా ప్రోగుపడును. పప్పులో ఉప్పు ఎక్కువైనదన్నచో, మీ యింటి ఉప్పు విషమని అర్థమగునా? మా యింట నున్న ఉప్పే మీ యింటను ఉన్నది.

అత్తగారి మాటకు సమాధానము ఇందే యున్నది. "మా వంశములో లేరు" అనుట సులభము. వెనుకటివారికి ఈ పేరు తెలియదు కనుక, వేరు పేర్లతో పిలిచిరి. ఏ ఉద్యోగమునను ఆరు నెలలు నిలువని చిన్నాన్న, పెండ్లిలో పురోహితుని దక్షిణ మరచిన మతిమరపు మామయ్య, "దీనికి కాలు నిలువదు" అని పెద్దలు తిట్టిన మేనత్త, ఏ వంశములో లేరు? పాత ఫోటోలు దించి, ఒక్కొక్కరి ముచ్చట పెద్దలనే చెప్పుమని యడుగుడు. నవ్వుచు చెప్పుదురు. చెప్పి చెప్పి నడుమ వారే ఆగుదురు. జన్యువులు తల్లివైపునుండి ఎట్లు వచ్చునో తండ్రివైపునుండియు అట్లే వచ్చును. బిడ్డ కడుపున పెరుగును గావున దోషమంతయు కడుపుదే యనుట పాత యన్యాయము.

పెంపకమువలన వచ్చినదేమో యను సందేహము మరియొకటి. 2000వ సంవత్సరమున అమెరికాలో దత్తుపిల్లలను గూర్చి చేసిన పరిశీలన దీనికి మంచి జవాబు. ఏడీహెచ్‌డీ గల దత్తుపిల్లలను పెంచిన తల్లిదండ్రులలో నూటికి ఆరుగురికి ఆ లక్షణములుండెను. అట్టి పిల్లలను కన్నవారిలో నూటికి 18 మందికి ఉండెను. ఏ చిక్కును లేని పిల్లలను కన్నవారిలో నూటికి ముగ్గురికి ఉండెను. పోలిక పెంచినవారితో కంటె కన్నవారితోనే అధికమని తేలినది. తీపి తినుటవలన పిల్లలు ఇట్లగుదురను నమ్మకమును 1995లో పరీక్షలన్నిటిని కూర్చి చూచినవారు నిజము కాదనిరి. కావున లడ్డూ పెట్టిన అమ్మమ్మను దూరవలదు.

మావారు పాఠశాలలో ఉపాధ్యాయులు. ఆయన అనుభవ మొకటి ఇచ్చట చెప్పదగినది. ఆరవ తరగతిలో ఒక పిల్లవాడు కాలు ఆడించుట మానడు; బల్ల కదలును; ప్రక్కవాని వ్రాత చెడును. మావారు వానిని ఎన్నియో దినములు బెంచీమీద నిలువబెట్టిరి. కడకు తండ్రిని పిలిపించిరి. ఆయన కిరాణా దుకాణదారు. వచ్చి కుర్చీలో కూర్చుండి, తాళపుచెవుల గుత్తిని వ్రేలిమీద త్రిప్పుచు, గోడమీది పటము చదువుచు, "మావాడేమి చేసినాడండీ" అని అడిగి, జవాబు వినకమున్నే వాన సంగతి యెత్తినాడట. మావారు క్రిందికి జూచిరి. బల్ల క్రింద తండ్రి కుడికాలు, కొడుకు కుడికాలు ఒకే తాళమున ఆడుచున్నవి. ఆ సాయంకాలము ఇంటికి వచ్చి, కాళ్లు కడుగుకొనకయే మాతో అనిరి: "ఇన్నాళ్లు నేను తండ్రి కాలిని కొడుకునందు దండించుచున్నాను." నాటినుండి ఆ పిల్లవాడు వెనుకబెంచీ చివరను కూర్చుండును. గంటకొకమారు సుద్దముక్కలు తెచ్చుటయో, పక్కగదికి హాజరుపట్టీ ఇచ్చివచ్చుటయో వాని పని. మావారు అంతకుమించి చేసినది లేదు. వాని లెక్కలు ఇప్పుడు పూర్తియగుచున్నవి.

ఇచ్చట భారతకథ యొకటి మాకు తోచుచున్నది. సుభద్ర గర్భముననే యుండి అభిమన్యుడు పద్మవ్యూహమును జొచ్చు విధమును వినెనని మన పెద్దలు చెప్పుదురు. బయటపడు విధము వినలేదు. బాలుడు వ్యూహము జొచ్చినాడు, వెలువడ లేకపోయినాడు. మా చిన్ననాట ఈ కథ విన్నప్పుడెల్ల, మిగిలిన సగము తరువాతనైనను ఎవ్వరును ఏల చెప్పలేదని మాకు కోపము వచ్చెడిది. ఈ చాంచల్యమును గూర్చియు అట్లే తోచును. గర్భమున బిడ్డకు ముట్టునది సగమే. వ్యూహమునుండి వెలువడు విధము పుట్టిన పిమ్మట నేర్పవలసినది. అది ఆ వ్యూహములో తాను చిక్కి, తడుముకొని, ఏదో యొక త్రోవను బయటపడిన తల్లికి తెలిసినట్లు మరియెవరికి తెలియును?

మాకు దీనిని నేర్పినది మా మాతామహులు. మేము నాలుగవ తరగతితో బడి మానితిమి. పలుమారులు పుస్తకముల సంచి బడిలో విడిచి, ఒకమారు గంట కొట్టకమున్నే ఇంటికి వచ్చివేసినందున, మాకు చదువు రాదని పంతులుగారు తేల్చిరి. తాతగారు మమ్మును కూర్చుండబెట్టలేదు. పెరటిలో మామిడిచెట్టు చుట్టును తిరుగుచు ఆయన ముందు, మేము వెనుక, అమరకోశము వల్లించితిమి. ఆ పిమ్మట రఘువంశము. ఒక శ్లోకము వచ్చినవెంటనే ఒక జామపండు. రానిచో కోపము లేదు, మరియొక చుట్టు. తాతగారు ప్రతి యింటను కండువా మరచివచ్చువారు. భోజనమున ఒకేచోట ఏకధాటిగా కూర్చుండుట మేము చూడలేదు. ఆయన మాకు తన చాంచల్యమును ఇచ్చిరి. తాను కనుగొన్న ఉపాయమును గూడ ఇచ్చిరి. ఆ రెంటిని ఒక్కచేతితోనే ఇచ్చిరని మాకు ఇప్పుడు తెలిసినది.

ఇక చేయవలసిన పనులు చెప్పుదుము.

మొదటిది, తల్లి తన్ను తాను చూపించుకొనుట. బిడ్డను మాత్రమే వైద్యునకు జూపి, తన మాట దాచుకొనుట మనవారిలో మెండు. 2002లో ఇంగ్లాండున చిన్నపిల్లల తల్లులకు పెంపకపు పద్ధతులు నేర్పి చూచిరి. తల్లియందే ఈ లక్షణములు మిక్కిలిగా నున్నచోట, ఆ శిక్షణ బిడ్డయందు ఫలింపలేదు. ఇది తల్లిని నిందించు మాట కాదు. వేళకు అన్నము, వేళకు నిద్ర, ఒకే మాట, ఒకే నియమము అనునవి ఈ బిడ్డకు మందువంటివి; అవే ఈ తల్లికి దుర్లభములు. కావున ఆమెకు సహాయము చేసినగాని బిడ్డకు చేసినట్లు కాదు. మనవారిలో పెక్కుమంది స్త్రీలకు ముప్పదియవయేటనో నలువదియవయేటనో, బిడ్డ మూలమున ఇది తెలియుచున్నది. చిన్ననాట మగపిల్లలు గోడలెక్కినచో లోకము చూచినది. ఆడుపిల్ల ఊరక కిటికీలోనుండి చూచుచుండినచో, నెమ్మదియైన పిల్ల యని మెచ్చినది.

రెండవది, జ్ఞాపకముంచుకొను భారమును తలనుండి దించి గోడకు తగిలించుట. మా యింట తాళములకు ఒకే మేకు. వంటింటి గోడకు పెద్ద కేలండరు. బడిరుసుము, గ్యాసు, టీకా, శ్రాద్ధతిథి అన్నియు దానిమీదనే. పాలు పొయ్యిమీద పెట్టినవెంటనే ఫోనులో గంట పెట్టుకొందుము. పెట్టినను అప్పుడప్పుడు పొంగును. నవ్వుకొని తుడిచివేయుదుము. తుడుచునప్పుడు మనల మనము తిట్టుకొనకుండుట గూడ బిడ్డ నేర్చుకొనవలసిన విద్యయే. తన్ను తిట్టుకొను తల్లిని జూచి పెరిగిన బిడ్డ, తన్ను తిట్టుకొనుటయే నేర్చును.

మూడవది, బిడ్డతో వ్యవహరించు తీరు. "పుస్తకములు సర్ది, కాళ్లు కడుగుకొని, దీపము పెట్టి, అన్నమునకు రా" అని ఒక్క ఊపిరిలో చెప్పినచో ఆ బిడ్డకు ముట్టునది కడపటి మాట యొక్కటే. దగ్గరకు పోయి, ముఖము చూచి, ఒక్క పనియే చెప్పవలెను. అది ముగిసిన పిమ్మట రెండవది. మెచ్చుకొనుట వెంటనే కావలెను. పరీక్షలైన పిమ్మట సైకిలు కొనిపెట్టెదమను మాట ఈ బిడ్డకు మరుజన్మ మాటవలె వినబడును. పది నిముషములు చదువు, కొంచెము నడక, మరల పది నిముషములు. కొట్టుటవలన కాలు ఆగదు. భయము మాత్రము పుట్టును.

నాలుగవది, రెండవ బిడ్డను అనుమానదృష్టితో చూడకుండుట. రెండేండ్ల పిల్ల లెల్లరు పరుగెత్తుదురు. ఎల్లరు పాత్రలు విసరుదురు. లక్షణములు ఆరునెలలకు తక్కువ కాకుండ నిలిచి, ఇంటను బడిలోను రెండుచోట్లను కానవచ్చి, బిడ్డ చదువునకో స్నేహములకో అడ్డుపడినప్పుడే వైద్యులు దీనిని నిర్ణయింతురు. అవి పండ్రెండేండ్లలోపున మొదలై యుండవలెను. అంతవరకు బిడ్డను బిడ్డగనే చూడుడు. వచ్చినను, ముందే తెలిసిన తల్లి కనుక, మొదటివానికి ఏడేండ్లకు తెలిసినది రెండవవారికి ముందుగనే తెలియును. తిట్లు తిని పోగొట్టుకొను ఏండ్లు మిగులును. అది స్వల్పలాభము కాదు.

ఐదవది, గర్భవతులకు. నెలలు నిండకమున్నే పుట్టుటకును, మిక్కిలి తక్కువ బరువుతో పుట్టుటకును, సీసము దేహమున చేరుటకును ఈ స్థితితో సంబంధము కానవచ్చినది. కావున నెలనెలా పరీక్ష మానవలదు. ఇంట ఎవ్వరిని సిగరెట్టు, బీడీ కాల్చనీయవలదు. రంగు కలిపిన పసుపులో సీసపు లవణ ముండుట కలదు. మంచి కొమ్ములు కొని పొడికొట్టించుకొనుట మేలు. ఇదివరకే మందు వాడుచున్నవారు గర్భము తెలిసినవెంటనే వైద్యుని అడుగవలెను. తమంతట మానుటయు తగదు, కొనసాగించుటయు తగదు.

మందులను గూర్చి రెండు మాటలు. మిథైల్ ఫెనిడేట్, ఆటమోక్సిటిన్ అను మందులు మనదేశమున వైద్యులు వ్రాసి యిచ్చుచున్నారు. మొదటిది ప్రభుత్వపు కట్టుబాటు గల మందు. చీటీ లేక కొనరాదు. ఒకరికి వ్రాసినది మరియొకరు మ్రింగరాదు. మందనగానే బిడ్డ మత్తుగా పడియుండునని భయపడనక్కరలేదు. మందు మ్రింగించితిమి గనుక పెంపకపు పని తప్పినదనియు తలపరాదు. ఆరేండ్లలోపు పిల్లలకు మందుకంటె ముందు తల్లిదండ్రులకు శిక్షణ యిచ్చుట మేలని వైద్యుల మతము.

ఎచ్చటికి పోవలెనని యడుగుదురు. ప్రభుత్వమువారు 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున బడిపిల్లలలో చూడవలసిన లోపముల పట్టీలో ఇదియు కలదు. జిల్లా కేంద్రములందు అందుకు ఏర్పరచినవి సత్వర చికిత్సా కేంద్రములు. హైదరాబాదున ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయము, విశాఖపట్టణమున ప్రభుత్వ మానసిక చికిత్సాలయము పలువురు ఎరిగినవే. పేరు వినగానే వెనుకంజ వేయవలదు. కంటివైద్యుని కడకు పోవునట్లే అచ్చటికిని పోవలెను. ఇల్లు కదలలేని సోదరీమణులు 14416 సంఖ్యకు ఫోను చేసినచో, 2022లో వెలసిన టెలీ-మానస్ వారు తెలుగుననే మాటలాడుదురు. వెల లేదు.

చివరగా ఒక ఆశాజనకమైన సంగతి. 2007లో అమెరికాలో పిల్లల మెదళ్లను ఏండ్ల తరబడి చిత్రములు తీసి చూచిరి. మెదడు పైపొర పెరుగుదల సగము తావులలో ముగియు వయస్సు ఇతర పిల్లలకు ఏడున్నర యేండ్లు, ఈ పిల్లలకు పదిన్నర యేండ్లు. పెరుగుదల క్రమము ఇరువురికి నొక్కటే, ఆలస్యమే తేడా. అందరికిని పూర్తిగ నయమగునని దీని యర్థము కాదు; మాకు కాలేదు. కాని ఏడేండ్ల బిడ్డను జూచి, "వీడింతే" అని తీర్పు చెప్పుట తగదని మాత్రము తెలియుచున్నది.

చెల్లెలా, నీవు పాపమా యని యడిగితివి. బిడ్డను కనుటయో మానుటయో నీవును నీ భర్తయు కలిసి ఆలోచించుకొనవలసినది; మేము గాని అత్తగారు గాని చెప్పవలసినది కాదు. మేము చెప్పవలసినది ఒక్కటే. భయము కారణముగ మానవలదు. పాపమనుకొని కుమిలిపోవలదు. నీ తల్లి నిన్ను కన్నప్పుడు నీయందు ఏమి యున్నదో ఆమెకు తెలియదు, నీకు తెలియును. నీ బిడ్డ పాలగ్లాసు తన్నివేసిన దినమున, అది పొగరు కాదని తెలిసిన తల్లి ఆ యింట ఒకతె యుండును. మాకు బాల్యమున మామిడిచెట్టు క్రింద ఒక్క తాతగారు దొరికిరి. అంతటితో మా బ్రతుకు గట్టెక్కినది.

మా కుమార్తె యిప్పుడు పదియవయేట నున్నది. ఊయలమీద ఊగుచు పద్యములు నేర్చుచున్నది. టిఫిను డబ్బా మాత్రము నేటికిని వారమునకొకటి బడిలో విడిచివచ్చుచున్నది. నిన్న మేము కోపగింపబోగా, పెరటిలో మరచిన మా కళ్లజోడు తెచ్చి చేతికిచ్చినది. ఇరువురమును నవ్వితిమి.

కాన్పు కాగానే మాకు జాబు వ్రాయవలెను. తేదీ మరచినను పరవాలేదు. ఈ పుటను అత్తగారికిని, వారి కుమారునికిని చదివి వినిపింపుము. తక్కిన సోదరీమణులును తమ యింటి యనుభవములను వ్రాసి పంపినచో, పేర్లు లేకుండ వచ్చు మాసమున ప్రకటింతుము.